అప్‌డేట్: ఓర్క్ బొమ్మల గరుకు పోయింది

నెల్లూరు ఎండలో స్ప్రే ప్రైమర్ (రంగులకి ముందు వేసే అడుగు పూత) కొడితే ఓర్క్ బొమ్మలు (టేబుల్ మీద ఆడే యుద్ధం ఆటల్లోని చిన్న రాక్షస బొమ్మలు) ఇసుక చల్లినట్టు గరుగ్గా వస్తున్నాయని, ఏం చేయాలని అడిగాను కదా. మీరన్నది నిజమే, వేడికి రంగు గాల్లోనే ఆరిపోయి పొడిలా పడుతోంది. యాక్రిలిక్ ప్రైమర్‌ని బ్రష్‌తో పల్చగా రెండు పూతలు వేశాను. 28 మిల్లీమీటర్ల బొమ్మ మీద కోరల సందులు, కవచం మీది మేకులు కూడా ఎంత స్పష్టంగా తేలాయో!

వెట్ పాలెట్ (రంగు ఆరిపోకుండా ఉంచే తడి పళ్లెం) సలహాకి మాత్రం ప్రత్యేకంగా థాంక్స్. ట్రంక్ రోడ్డులో కొన్న ప్లాస్టిక్ డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బేకింగ్ పేపర్ పరిచాను. ఫ్యాన్ కింద కూడా పచ్చరంగు సాయంత్రం దాకా ఆరలేదు. మ్యాట్ వార్నిష్ (చివర్లో వేసే మెరుపు లేని రక్షణ పూత) స్ప్రే చేస్తే ఉక్కపోతలో తెల్లగా మసకబారుతుందన్నారు కాబట్టి అదీ బ్రష్‌తోనే కానిచ్చాను. ఇక దళపతి ఒక్కడే మిగిలాడు. ఆదివారం వాడి గొడ్డలికి తుప్పు రంగు వేస్తాను.