పాత ఇంటి దస్తావేజులో "నిధి నిక్షేప జల పాషాణ..."

ప్రశ్న: మా ముత్తాతగారి మండువా ఇంటి చరిత్ర రాద్దామని పాత కాగితాలు తీశాను. క్రయ దస్తావేజులో "నిధి నిక్షేప జల పాషాణ అక్షీణి ఆగామి సిద్ధ సాధ్యములనెడి అష్టభోగములతో" అని ఉంది. ఇంట్లో లంకెబిందెలు ఉన్నట్టా? తేదీ "విభవ మాఘ శుద్ధ పంచమి". ఇంగ్లీషు తేదీ ఉన్నచోట చిరిగిపోయింది.

జవాబు: లంకెబిందెల మీద ఆశ పెట్టుకోకండి. విజయనగర కాలపు దానశాసనాల్లో ఉన్న మాటలే ఇవి. నిధి, నిక్షేపం అంటే భూమిలో దొరికేవి, దాచినవి. జలం, పాషాణం తెలిసినవే. అక్షీణి తరగని రాబడి, ఆగామి ఇకముందు వచ్చేది. సిద్ధం ఇప్పటికే సాగులో ఉన్నది, సాధ్యం సాగుకు తెచ్చుకోగలిగేది. అంతా పొలం భాషే. ఇంటికి సాగేమిటి? దస్తావేజు లేఖరి చేతికి అలవాటైన వరస, రాసేశాడు. పైగా 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాల్సిందే, కాగితంలో ఏం రాసుకున్నా.

విభవ అరవయ్యేళ్లకోసారి వస్తుంది కాబట్టి మీది 1869 అయినా కావచ్చు, 1929 అయినా కావచ్చు. స్టాంపు కాగితం మీద బొమ్మ చూడండి. విక్టోరియా రాణి అయితే మొదటిది, అయిదో జార్జి అయితే రెండోది.

ఇంటి చరిత్రకు అసలు పనికొచ్చేది చెక్కుబందీ, అంటే హద్దుల వివరం. నాలుగు హద్దుల్లో ఎవరి ఇల్లు, ఏ వీధి, గోడ ఉమ్మడిదా, చూరు నీళ్లు ఎటు పడాలి... చాలాసార్లు అన్నీ అందులోనే దొరుకుతాయి. ఇల్లు గ్రామకంఠంలో, అంటే ఊళ్లో ఇళ్లకు వదిలిన స్థలంలో ఉంటే అడంగల్‌లో వెతకడం దండగ, అది సాగుభూముల లెక్క. పేర్లు పట్టుకుని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పాత దస్తావేజుల నకళ్లు అడగండి.

మరొకరు: మా తెలంగాణ వైపైతే పాత కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయండీ. సంవత్సరం ఫసలీలో, అంటే నిజాం కాలపు శిస్తు లెక్కల సంవత్సరంలో రాసేవారు. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే దానికి 590 కలపండి, జనవరి గానీ ఆ తర్వాతి నెల గానీ అయితే 591.

ప్రశ్న అడిగినవారు: స్టాంపు మీద గడ్డం రాజుగారే ఉన్నారు. అయితే 1929! పడమటి హద్దు "పుంత" అని ఉంది. డొంకేనా?

జవాబు: అదేనండీ, బళ్లబాట. గోదావరి జిల్లాల్లో పుంత అంటారు, గుంటూరు వైపు డొంక.