ఈ వారం సమస్య (దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి): తీర్థ మెండిన నాఁడె పో తీర్థ మనిరి

నిర్వాహకుడు (మైలాపూరు): నిన్న సైదాపేట వంతెన మీద మా బస్సు అరగంట కదల్లేదు. కింద అడయారు నది. ఓ పక్క బురద, ఇంకో పక్క చీలమండ లోతు నీళ్లు. ఒక గేదె తీరిగ్గా అవతలి గట్టుకి నడిచిపోయింది, నేను బస్సులోనే ఉన్నాను. అప్పుడు తట్టిన పాదం. కానివ్వండి.

అడయారు తీరవాసి:
నిండు వెల్లువ నెవ్వరు నిలువఁ గలరు
దాటఁ దగు చోటు వేసవి దారి సూప
తరణ ధాతువు నెఱిఁగిన తాత లపుడు
తీర్థ మెండిన నాఁడె పో తీర్థ మనిరి.
'తౄ' అంటే దాటడం. తీర్థం మొదట నీళ్లు కాదు, దిగి దాటగలిగే రేవు. పుణ్యం తర్వాత వచ్చి చేరింది. జైనుల తీర్థంకరుడు కూడా రేవు వేసినవాడే.

పెరంబూరు మాస్టారు: భావం బాగుంది. కానీ 'అపుడు' ఎందుకండీ, కింద 'నాఁడె' ఉందిగా? ఒకే ప్రయాణానికి రెండు టికెట్లు. క్రితం వారం మీ 'మఱి' కూడా గణం (పాదంలో అక్షరాల గుంపు) నింపడానికే వచ్చింది, ఊరుకున్నాను.

అడయారు తీరవాసి: ఊరుకున్నారా! పదకొండు కామెంట్లు పెట్టారు మాస్టారూ.

కోనసీమ కోడలు:
కనుమ నాఁడు కౌశిక నీరు కాళ్ళ కంద
ప్రభలు భుజముల నెత్తుక వచ్చు జనులు
దరికిఁ జేరిన సందడిఁ దలఁచి కాదె
తీర్థ మెండిన నాఁడె పో తీర్థ మనిరి.
మా వైపు తీర్థమంటే జాతర. జగ్గన్నతోటకి వెళ్లే గంగలకుర్రు ప్రభల్ని (దేవుణ్ణి నిలిపి మోసే వెదురు కట్టడాల్ని) నీళ్లలో దిగి కౌశిక దాటిస్తారు. దాటడమే తీర్థం! ఇక్కడ 'తీర్థము ఎండిన' కాదు, 'తీర్థ మెండిన', అంటే తీర్థం మెండుగా ఉన్న, అని విరుచుకోండి.

పెరంబూరు మాస్టారు: విరుపుకి చప్పట్లు కొట్టాను, కొట్టాక అనుమానమొచ్చింది. మెండైన అంటాం గానీ మెండిన అంటామా అమ్మా? ప్ర-వ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో అక్షరం జత కుదరడం) చెల్లుతుంది, దాని మీద ఎవరూ గొడవ పెట్టకండి.

కోనసీమ కోడలు: ముడి వేసింది నేను కాదు కదా బాబాయిగారూ. విప్పేటప్పుడు ఓ పోగు తెగింది, అంతే.

నిర్వాహకుడు: మాస్టారి పూరణ ఇంకా రాలేదు.

పెరంబూరు మాస్టారు: మొదటి పాదం మాత్రం ఇప్పుడు: 'గురువు తీర్థమ్ము గద యనుచుఁ గోశ మనఁగ'. అమరకోశం తీర్థానికి గురువనే అర్థం చెప్పింది. ఒకే గురువు దగ్గర చదివినవాళ్లు సతీర్థ్యులైంది అందుకే. మిగతాది సాయంత్రం.

అడయారు తీరవాసి: 'గద యనుచు'. వేళ్ల మీద లెక్కపెట్టండి మాస్టారూ, ఐదు లఘువులు (పొట్టి అక్షరాలు). అక్కడుండాల్సిన ఇంద్రగణంలో ఐదోదానికి సీటు లేదు. 'గద యని' అంటే సరిపోయేది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య అన్నట్టు, మా గణాలు దిద్దేదాకానే మీకు ఛందస్సు గుర్తుంటుందా?

పెరంబూరు మాస్టారు: ఫోన్లో టైపు చేశాను.

కోనసీమ కోడలు: ఫోను లఘువులు కూడా పెడుతుందా!

నిర్వాహకుడు: ఇంకో సంగతి మరిచాను. బస్సు ముందున్న జీపు మీద 'పోక్కువరత్తు తుఱై' అని ఉంది, రవాణా శాఖ. తమిళంలో తుఱై అంటే శాఖే కాదు, రేవు కూడా. ఓడరేవుని తుఱైముగం అంటారు. అంటే రేవువాళ్లు మాతోపాటు వంతెన మీద ఇరుక్కున్నారు, గేదె దాటేసింది.

అడయారు తీరవాసి: అక్కడి పాత వంతెన 1726లో ఉస్కాన్ అనే అర్మేనియా వర్తకుడు కట్టించాడు. అంతకుముందు చాలామందిది గేదె దారే అయ్యుంటుంది.

పెరంబూరు మాస్టారు: 'గద యని' అని దిద్దాను. 'అపుడు' సంగతి మాత్రం తేలలేదు.