ఛాతీ కవచాన్ని తప్పనిసరి చేస్తే పిల్లల ప్రాణాలు నిలుస్తాయా?

క్రీడాభిమాని:
ఛాతీకి బంతి తగిలి, అప్పటివరకు ఏ జబ్బూ లేని పిల్లవాడు ఉన్నచోటనే కుప్పకూలిపోయే స్థితిని వైద్యులు కమోషియో కార్డిస్ అంటారు. పక్కటెముక విరగదు, గుండె కండరం చిట్లదు, అయినా గుండె రక్తాన్ని పంపడం మానేస్తుంది. 2023 జనవరి 2న సిన్సినాటిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డామర్ హామ్లిన్‌కు జరిగింది ఇదే. అమెరికా పాఠశాలల బేస్‌బాల్‌లో క్యాచర్లకు, అంటే బ్యాటర్ వెనుక నిలిచి బంతి అందుకునేవారికి, 2020 నుంచి, వల ఉన్న కర్రలతో గట్టి బంతిని ఆడే లాక్రోస్‌లో గోల్‌కీపర్లకు 2021 నుంచి నిర్ణీత ప్రమాణానికి సరిపోయే ఛాతీ కవచం తప్పనిసరి అయింది. గట్టి బంతితో ఆడే ప్రతి ఆటలోనూ, ప్రతి స్థానంలోనూ పిల్లలందరికీ ఈ నియమం ఉండాలన్నది నా వాదన. కాదనేవారు కారణాలు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఈసీజీ గది:
నియమం వద్దని నేను అనను గాని, దానినే మొదటి రక్షణగా భావించడం ప్రమాదకరమని గట్టిగా నమ్ముతున్నాను. ప్రతి గుండె చప్పుడు తరువాత జఠరికలు, అంటే రక్తాన్ని బయటకు పంపే గుండె కింది గదులు, తిరిగి విద్యుత్తును కూడదీసుకునే దశ ఒకటి ఉంటుంది. ఈసీజీలో అది టీ తరంగంగా కనిపిస్తుంది. ఆ తరంగం శిఖరానికి చేరబోయే ముందు, సెకనులో కొన్ని వందవ వంతులు మాత్రమే ఉండే వ్యవధిలో, సరిగ్గా గుండె ఉన్నచోట దెబ్బ పడితే జఠరికలు లయ తప్పి ఊరికే వణకడం మొదలుపెడతాయి. దీనినే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. అమెరికా పరిశోధకులు మార్క్ లింక్, బ్యారీ మారన్ తదితరులు 1998లో పందులపై జరిపిన ప్రయోగాలను ప్రకటించి ఈ సంగతిని రుజువు చేశారు. ఆ తరువాతి ప్రయోగాల్లో అత్యంత ప్రమాదకరంగా తేలిన వేగం గంటకు సుమారు 64 కిలోమీటర్లు. అంటే కౌమారంలో ఉన్న పిల్లవాడు మామూలుగా విసిరే బంతి చాలు.

కవచం విషయానికి వస్తే, అమెరికాలో ఈ ఘటనలను నమోదు చేసే జాతీయ పట్టికలో, పోటీ ఆటల్లో పడిపోయినవారిలో సుమారు మూడో వంతు మంది ఛాతీపై ఏదో ఒక రక్షణ ఉన్నవారే. చేతులు పైకెత్తినప్పుడు కవచం జరిగిపోయి కొందరికి దెబ్బ నేరుగా తగిలింది. మరికొందరికి కవచం మీదనే తగిలినా అది కాపాడలేకపోయింది. హామ్లిన్ కూడా భుజాలకు, ఛాతీకి తొడుగు వేసుకునే ఆడాడు.

క్రీడాభిమాని:
ఆ లెక్కలోని కవచాలు పాతవి కదా? అవి ఎముకలను, చర్మాన్ని కాపాడేందుకు చేసినవి. ఇప్పుడు చెబుతున్న ప్రమాణం ఈ ఒక్క ప్రమాదాన్నే దృష్టిలో పెట్టుకుని రూపొందించినది. పాతవి విఫలమయ్యాయని కొత్తవాటిని తోసిపుచ్చడం న్యాయం కాదు.

పాత శిక్షకుడు:
క్రీడాభిమాని గారి మాటలో నిజం ఉంది. కానీ నేను కళ్లారా చూసినది చెప్పకుండా ఉండలేను. సాధన సమయంలో ఒక బాలుడి ఛాతీకి బంతి తగిలింది. వాడు రెండడుగులు వేసి, ముందుకు వంగి, పడిపోయాడు. ఊపిరి పట్టేసి ఉంటుందని మేమంతా అనుకుని ముఖం మీద నీళ్లు చల్లాం. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే ఊపిరి ఆడుతోందని ధైర్యపడ్డాం. కాళ్లూ చేతులూ కొట్టుకుంటే మూర్ఛ అనుకున్నాం. గుండె ఆగినప్పుడు మొదటి నిమిషాల్లో ఇవన్నీ ఉండవచ్చని మాలో ఎవరికీ తెలియదు. ఆట చూడటానికి వచ్చిన ఒక నర్సు పరుగున వచ్చి ఛాతీపై నొక్కడం మొదలుపెట్టారు, అంబులెన్స్ వచ్చి షాక్ ఇచ్చింది, వాడు బతికాడు. ఆవిడ ఆ రోజు రాకపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. వాడికి కవచం ఉందా లేదా అన్న ప్రశ్న కంటే, నాకు ఆ సంగతి ఎందుకు తెలియలేదన్న ప్రశ్నే నన్ను ఎక్కువగా వేధిస్తుంది.

ఈసీజీ గది:
శిక్షకుడు గారు చెప్పినదే అసలు విషయం. అదే పట్టిక ప్రకారం 1993కు ముందు బతికి బయటపడినవారు సుమారు 10 శాతం. 2006 నుంచి 2012 మధ్య అది 58 శాతానికి పెరిగింది. ఆ మార్పు ప్రధానంగా వెంటనే సీపీఆర్ చేయడం, అంటే ఛాతీపై పదేపదే నొక్కడం వల్ల, గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రాలు అందుబాటులోకి రావడం వల్ల వచ్చినది. సీపీఆర్ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది.

అమ్మగా ఒక మాట:
మీరందరూ ఒకదానికి ఇంకొకటి పోటీ అన్నట్టు రాస్తున్నారు. నా బిడ్డకు కవచం నేను కొనగలను, మైదానానికి ఏఈడీ నేను ఒక్కదాన్ని కొనలేను. అది నిర్వాహకుల బాధ్యత. వాళ్లు కవచాల నియమం పెట్టేసి, ఇక మా పని అయిపోయిందని చేతులు దులుపుకుంటారేమోనన్నదే నా భయం. పైగా బంతి సంగతి ఎవరూ ఎత్తడం లేదు. చిన్నపిల్లలు అంత గట్టి బంతితోనే ఎందుకు ఆడాలి?

ఈసీజీ గది:
అది చాలా ముఖ్యమైన ప్రశ్న, నేనే ముందు ప్రస్తావించవలసింది. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో చేసిన ప్రయోగాల్లో మామూలు బేస్‌బాల్ 69 శాతం దెబ్బలకు ఫిబ్రిలేషన్ కలిగిస్తే, అన్నిటికంటే మెత్తని బంతి 11 శాతం దెబ్బలకే కలిగించింది. ప్రమాదం పూర్తిగా పోలేదు గాని, ఇంత తేడా చూపిన ఉపాయం కాదనలేనిది. చిన్న వయసులో ఛాతీగోడ మెత్తగా ఉండి దెబ్బ నేరుగా గుండెకు చేరుతుంది కాబట్టి, ఈ మార్పు మొదట వాళ్లకే రావాలి.

పాత శిక్షకుడు:
మాలో చాలామంది బంతికి ఒళ్లు అడ్డం పెట్టి ఆపమని పిల్లలకు నేర్పాం. అదే ధైర్యమని మెచ్చుకున్నాం. ఆ పాఠాన్ని నేను మానేశాను. పక్కకు తిరిగి, చేతులతోనే ఆపమని చెబుతున్నాను.

క్రీడాభిమాని:
నా ప్రతిపాదనను సవరిస్తున్నాను. కొత్త ప్రమాణపు కవచం క్యాచర్, గోల్‌కీపర్ వంటి స్థానాల్లో తప్పనిసరిగా ఉండాలి. పన్నెండేళ్లలోపు వారికి మెత్తని బంతి. ఏఈడీ లేని చోట పోటీలకు అనుమతి ఉండకూడదు. అయితే ఒక సందేహం మిగిలింది. శిక్షణ లేనివారు ఆ యంత్రాన్ని పొరపాటున వాడి, గుండె బాగానే ఉన్న పిల్లవాడికి షాక్ ఇస్తే ఎలా?

ఈసీజీ గది:
యంత్రం ముందు గుండె లయను తానే పరీక్షిస్తుంది. షాక్ అవసరమైన లయ కనిపిస్తేనే ఇవ్వడానికి అనుమతిస్తుంది, లేకపోతే ఇవ్వదు. ఏం చేయాలో గొంతుతో చెబుతుంది. ఛాతీకి దెబ్బ తగిలి పడిపోయిన పిల్లవాడు పిలిస్తే పలకకపోతే, మామూలుగా ఊపిరి తీయకపోతే, ఒకరు ఛాతీపై నొక్కడం మొదలుపెట్టాలి, ఇంకొకరు యంత్రం కోసం పరుగెత్తాలి, మూడోవారు అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి.

అమ్మగా ఒక మాట:
మా పిల్లలు ఆడే మైదానంలో ఆ యంత్రం ఉన్న గది సాయంత్రం తాళం వేసి ఉంటుంది, ఆటలు జరిగేదేమో సాయంత్రమే. రేపు వెళ్లి, దానిని బయట గోడకు పెట్టమని రాతపూర్వకంగా అడుగుతాను.