చెలియ చేతనా, చెలియలి చేతనా?

కలువరేకు: మొన్న ఒకరు చదివి వినిపించిన గేయకథ బుర్రలోంచి పోవడం లేదు. నిద్రసుందరి కథే, శాపం తగిలి నూరేళ్లు నిద్రపోయే రాకుమారిది. కాకపోతే రాకుమారుడు లేడు, ముళ్లకంచె బయట దీపం పట్టుకుని కూర్చున్న ఒకమ్మాయి ఉంది. ప్రేమ ఆ ఇద్దరమ్మాయిల మధ్యే. ఎంత నెమ్మది నడకంటే, సగం కథ దాకా ఆ పిల్ల వత్తి ఎగదోయడం తప్ప ఏమీ జరగదు. ఈ రెండు పాదాలు చూడండి:

నూరు ఏండ్లును నిదుర కాచెను
చెలియ చేతను వెలుగు దీపము

నాకు "చెలియ చేతను" అనే గుర్తు. నాతో పాటు విన్నావిడేమో "చెలియలి చేత" అంటోంది. ఏది సరైన పాఠం?

యతిభంగం: అనుమానమెందుకు? మాత్రలు లెక్కపెట్టండి (లఘువుకి ఒకటి, గురువుకి రెండు): మూడు నాలుగు, మూడు నాలుగు. గురజాడ ముత్యాలసరం ఛందస్సు నడక. "చెలియలి చేత" అంటే నాలుగు మూడు అయి గతి తిరగబడుతుంది. "దేశమంటే మట్టికాదోయ్" ఒకసారి పాడి, వెంటనే ఇది పాడండి. తేడా నాలుకకే తెలుస్తుంది.

పాతచింతకాయ: రెండు పాఠాల్లోనూ మాత్రలు పద్నాలుగే మాస్టారూ. గతి ఒకచోట తిప్పడం కావాలనే చేసి ఉండొచ్చు. నా గొడవ అర్థంతో. చెలియ అంటే నెచ్చెలి, ప్రియురాలు. చెలియలు అంటే చెల్లెలు. చెలియలికట్ట (సముద్రపు గట్టు) అనే మాటలో కూర్చున్నది ఆవిడే. ఆ "లి" పడితే ప్రేమకథ కాస్తా అక్కచెల్లెళ్ల కథ అయిపోతుంది. ఎవరో మొహమాటపడి దూర్చిన "లి" అని నా అనుమానం.

యతిభంగం: మీకు ప్రతి పాఠాంతరం వెనకా కుట్రే కనిపిస్తుంది.

పాతచింతకాయ: ఊరికే అనడం లేదు. ప్రాచీన గ్రీకు కవయిత్రి సాఫో ప్రేమదేవత ఆఫ్రొడైటీని పిలిచే పద్యంలో ఆ ప్రియమైన మనిషి ఆడమనిషి అని చెప్పేది ఒకే ఒక్క పదం చివరి అక్షరాలు. వాటి మీద గ్రీకు పండితులు ఎంత కొట్టుకున్నారో మీకు తెలియనిది కాదు.

నిద్రగన్నేరు: "లి" కూడా కాదు, "ల". చెలియల చేత. బహువచనం. కథ చూడండి: నూరేళ్లు ఒక్క పిల్లే ఎలా బతికి ఉంటుంది? ఫ్రెంచి రచయిత పెరో రాసిన నిద్రసుందరి కథలో (1697) రాజూ రాణీ తప్ప కోటలో అందరినీ మంత్రం నిద్రపుచ్చుతుంది. బయట కాలం నడుస్తూనే ఉంటుంది, చివరికి రాజ్యమే వేరే వంశం చేతిలోకి పోతుంది. కాబట్టి దీపం ఒక అమ్మాయి చేతి నుంచి ఇంకో అమ్మాయి చేతికి వస్తూ ఉంటుంది.

కలువరేకు: అక్కా, అప్పుడు నిద్రలేచిన రాకుమారి ప్రేమించేది ఎవరిని? ఆఖరున దీపం పట్టుకున్న పిల్లనా? మిగిలినవాళ్ల సంగతేంటి?

నిద్రగన్నేరు: అందరినీ! అదే కదా అందం.

పాతచింతకాయ: అందం సరే, కథ తెగిపోయింది. నన్నడిగితే ఆ దీపం పిల్ల కూడా మంత్రంలో భాగమే. జర్మన్ కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల దాంట్లో (1812) గోడ మీద ఈగలు కూడా నిద్రపోతాయి, వంటవాడు కుర్రాడి జుట్టు పట్టి లాగబోయి అలాగే నిద్రపోతాడు. అంత నిద్రలో ఒక్కతే మెలకువగా ఉండటమే ఈ పిల్లకి పడ్డ శాపం. ఆ కథలో రాకుమారుడు వచ్చేసరికి గడువు ఎలాగూ తీరింది, ముళ్లు వాటంతటవే పూలై దారిచ్చాయి. ఆయన పొడిచిందేమీ లేదు. నూరేళ్లూ కూర్చున్న మనిషికి కథ ఇచ్చెయ్యడం న్యాయమే. అన్నట్టు, "నూరు ఏండ్లు" అని విసంధి (సంధి కలపకపోవడం) ఎందుకు? నూరేండ్లు అంటే సరిపోయేదిగా.

యతిభంగం: సరిపోదు, ఒక మాత్ర తగ్గుతుంది. ఆ మాటకొస్తే "ముందు అడుగేయ్" అన్నది ఎవరు? ముందడుగేయ్ అనడం గురజాడకి రాకనా? 1910లోనే ఆయన చేసిన పనికి ఇప్పుడు మనం పంచాయతీ పెడుతున్నాం.

నిద్రగన్నేరు: గురజాడ దాకా వచ్చాం కాబట్టి చెప్తున్నా. ఇంత మెల్లగా సాగే కథకి ముత్యాలసరం పనికిరాదు. అది ఆయన కన్యక గేయం నడక, ఉరుకుతుంది. ఇలాంటిదానికి ఆయనదే పూర్ణమ్మ గేయం నడక కావాలి. "మేలిమి బంగరు మెలతల్లారా", నాలుగేసి మాత్రలు, కథ చెప్పేదే ఆడవాళ్లని కూర్చోబెట్టుకుని. ఇప్పుడు ఇది చదవండి: "చెలియలి చేతను వెలిగే దీపం". నాలుగు నాలుగు నాలుగు నాలుగు! మీరు విన్నది ఇదే. మీ చెవికి అలవాటైన గతిలోకి మీరే మార్చుకున్నారు.

యతిభంగం: బాగుంది, వాదన కోసం పాదాన్నే మార్చేశారు! మొదటి పాదం కూడా నాలుగేసి మాత్రల్లో తెచ్చి చూపించండి.

పాతచింతకాయ: పైగా అందులో కూడా "లి"నే ఉంచారు. ఇందాక "ల" అన్నారుగా?

నిద్రగన్నేరు: "చెలియల చేతను" అన్నా నాలుగే. మీకు ఏది కావాలంటే అది పెట్టుకోండి.

కలువరేకు: చదివినావిడనే అడిగితే అయిపోదా?

యతిభంగం: కవిని అడిగి పాఠనిర్ణయం చేయడం ఏ సంప్రదాయమండీ? ముందు అది ఏండ్లో ఏళ్లో తేల్చండి.