హుర్రెమ్ సమాధి టైల్స్ మీద పూలచెట్టు స్వర్గానికి గుర్తేనా?

ఇస్తాంబుల్ సులేమానియే మసీదు వెనక తోటలో, ఒట్టోమన్ చక్రవర్తి సులేమాన్ భార్య, 1558లో చనిపోయిన హుర్రెమ్ సుల్తాన్ సమాధి ఉంది. మొన్న మార్చిలో రెండుసార్లు వెళ్ళి ద్వారం పక్కనున్న ఇజ్నిక్ టైల్స్‌ను (ఇజ్నిక్ పట్టణంలో చేసిన రంగుల మెరుపు పలకలు) ఫొటోలు తీసుకున్నాను. నిండుగా పూసిన ప్లమ్ కొమ్మలు, ముదురు నీలం, టమాటా ఎరుపు. ఆ ఎరుపు పక్కనుంచి చూస్తే అద్దం మీద బొట్టు పెట్టినట్టు కాస్త ఉబ్బెత్తుగా కనబడుతుంది. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

చదివిన ప్రతిచోటా "ఇది స్వర్గవనం" అన్న ఒక్క మాటే, ఆధారం మాత్రం లేదు. తులిప్ సంగతి వేరు. టర్కిష్‌లో తులిప్‌ను 'లాలే' అంటారు. అరబిక్ లిపిలో 'లాలే', 'అల్లా' ఒకే అక్షరాలతో రాస్తారు. ప్రతి అరబిక్ అక్షరానికీ ఒక అంకె ఇచ్చే అబ్జద్ లెక్కలో నేనే కూడి చూశాను, రెండూ 66. పూలచెట్టుకు అలాంటి లంకె ఏదీ దొరకలేదు. పైగా, దగ్గర్లోనే ఉన్న రుస్తెం పాషా మసీదు వరండాలోనూ ఇలాంటి పూలచెట్టే ఉంది, అక్కడ సమాధి లేదు. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూసినా తేడా తేలలేదు. ఖురాన్‌లో తోటల వర్ణనలు అనువాదంలో చదివాను. నీడ, నదులు, పండ్లు ఉన్నాయి గానీ వసంతంలో పూసే చెట్టు ప్రస్తావన నా కంటపడలేదు. ఒట్టోమన్ టర్కిష్ నాకు రాదు.

ఈ పూలచెట్టును మరణంతోనో స్వర్గంతోనో నేరుగా ముడిపెట్టే 16వ శతాబ్దపు ఒట్టోమన్ శాసనంగానీ, కవితగానీ మీకు తెలుసా?