స్పీడ్ టెస్టులో 100 వస్తుంది, ఒకడు వీడియో ఎక్కిస్తే అందరికీ క్లాసు ఆగిపోతుంది. ఏం చేసేది?

కొర్లగుంట హాస్టల్:
అన్నా, తిరుపతి కొర్లగుంటలో మాది చిన్న హాస్టలు. 22 మంది పిలకాయలు. లైను డౌన్‌లోడ్ 100, అప్‌లోడ్ 20 మెగాబిట్లు. పగలు స్పీడ్ టెస్ట్ పెడితే కరెక్టుగా వస్తుంది. రాత్రి ఎనిమిదిన్నరకు ఆన్‌లైన్ క్లాసుల టైములో మూడో రూము అబ్బోడు పెళ్ళి వీడియోలు ఎక్కిస్తాడు, ఎడిటింగ్ పని చేస్తాడులే. అంతే, మిగతా 21 మందికీ సారు బొమ్మ నోరు తెరిచినట్టే బిగుసుకుపోతుంది. నిన్న నేనే పింగ్ పెట్టి, అంటే చిన్న సందేశం పోయి రావడానికి ఎంతసేపు పడుతుందో చూసినా. మామూలుగా 6 మిల్లీసెకన్లు, వాడు ఎక్కించేటప్పుడు 480. లైను ఇచ్చినాయన 200 ప్లాను తీసుకోమంటాడు. ఆ 200 కూడా వాడే మింగేస్తే? వాణ్ని తిట్టేదానికీ మనసు రాలేదు, ఒకటో తేదీకే బాడుగ కట్టేది వాడొక్కడే.

పలమనేరు:
వాణ్ని బ్లాక్ చెయ్యన్నా, పీడా పోతుంది.

చిత్తూరు, పాత నెట్‌వర్క్ అడ్మిన్:
బ్లాకూ వద్దు, 200 వద్దు. నీ 480లోనే జవాబుంది. 20 మెగాబిట్ల దారిలో అంత ఆలస్యమంటే, ముందర సుమారు 1.2 మెగాబైట్ల సరుకు వరసలో నిలబడి ఉందని లెక్క. మోడెంలో సరుకు దాచుకునే చోటు, అదే బఫర్, అంత పెద్దది. మామూలు టీసీపీకి, అంటే డేటాను ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా పంపే పద్ధతికి, దారి నిండిందని తెలిసేది ప్యాకెట్ పడిపోయినప్పుడే. ఈ బఫరేమో పడెయ్యకుండా దాచుకుంటా పోతుంది, వాడి కంప్యూటరేమో దారి ఖాళీ అనుకుని ఇంకా తోస్తుంది. క్లాసు కిందికొచ్చేదే అయినా, 'అందింది, ఇంకోటి పంపు' అనే ఏక్ ప్యాకెట్లు పైకే పోవాల. అవీ ఆ వరస వెనకాలే.

ప్యాకెట్ పడితే తగ్గాలన్న బుద్ధి కూడా దెబ్బ తిన్నాకే వచ్చింది. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబుకూ పక్కనే ఉన్న బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య సెకనుకు 32 వేల బిట్లు పోయేది 40 బిట్లకు పడిపోయింది. వేలు కాదు, ఉత్త 40. దాని మీద కూర్చుని ఆ ల్యాబు పరిశోధకుడు వ్యాన్ జాకబ్‌సన్ 1988లో మందు రాసినాడు.

ఇక పంపకం సంగతి. బంతి భోజనంలో వడ్డించేవాడు ఆకుకొక వడ వేసుకుంటా పోతాడు, చాలన్నోడి వడ పక్కోళ్ళకు మిగుల్తుంది. వరసలో అందరికీ సమానంగా పంచే ఫెయిర్ క్యూయింగ్ అంతే, జాన్ నేగుల్ అనే ఇంజనీరు 1985లోనే చెప్పినాడు. మీవాడి అప్‌లోడ్ ప్రోగ్రాం ఒకేసారి పది, పదహారు కనెక్షన్లు తెరుస్తా ఉంటే మాత్రం ఒక్కడే పదహారు ఆకులేసుకుని కూర్చున్నట్టు. ఆకులు కాదు, మనుషుల్ని లెక్కపెట్టి వడ్డించాల.

ఆ పని చేసేది కేక్ అనే, వరస నడిపే ప్రోగ్రాం. పాత రూటర్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, దాంట్లో ఎస్‌క్యూఎం అనే వరసల సెట్టింగులో కేక్ ఎంచుకుని, హోస్టు వారీ, అంటే మిషను వారీ పంపకం పెట్టు. వేగం డౌన్ 90, అప్ 18 అని రాయి. ఉన్నదాంట్లో కోసుకునేది ఏందంటావేమో, అట్ల కోస్తేనే వరస మోడెంలో కాకుండా నీ రూటర్లో ఏర్పడుతుంది. అప్పుడు తాళం నీ చేతిలో ఉంటుంది. వరసలో ఆలస్యం 5 మిల్లీసెకన్లు దాటి తగ్గకుండా ఉంటే కేకే ఒక ప్యాకెట్‌ను కావాలని పడేస్తుంది, టీసీపీకి అర్థమైపోతుంది.

కొర్లగుంట హాస్టల్:
చేసినా అన్నా. మొదటి రాత్రి అనుకున్నంత తేడా రాలేదు, నిన్ను బాగా తిట్టుకున్నా. తర్వాత చూస్తే నాట్ ఆప్షన్ పెట్టలేదు, రూటర్ అందరినీ ఒకే అడ్రసు వెనక పెడుతుంది కదా, ఆ వెనక ఎవరెవరున్నారో కేక్‌కు చూపించేది అదే; కేక్‌కు 22 మందీ ఒకే మనిషి లెక్క కనిపించినారు. అది పెట్టినాక పింగ్ 17. అబ్బోడు ఎక్కించేటప్పుడే చూసినా, 17.

వాడికి సగానికి సగం కోత పడుతుందని భయపడినా. 40 నిమిషాల్లో పోయే ఫైలు 45 పట్టింది, అంతే. మిగతావాళ్ళు పైకి పంపేది పిడికెడు కదా, మిగిలిందంతా మళ్ళీ వాడికే పోయింది. వాడికి ఇంతవరకూ ఏమీ తెలీదు. 200 ప్లాను వద్దని చెప్పేసినా.