అప్‌డేట్: పిల్లల గాయానికి మొద్దుబార్చే జెల్

హనుమకొండ క్యాజువాలిటీలో జెల్ పెట్టినా కుట్లేసేటప్పుడు పిల్లలకు నొప్పి ఎందుకు తెలుస్తోందని అడిగాను కదా, కారణం దొరికింది. గడ్డకట్టిన రక్తం మీదే రాస్తున్నాం, మందు లోపలికి దిగట్లేదు. ముందు సెలైన్‌తో కడిగి గడ్డ తీసెయ్యాలి.

మొద్దుబార్చే మందులు లిగ్నోకెయిన్ 4%, టెట్రాకెయిన్ 0.5%, రక్తనాళాలను కుదించే అడ్రినలిన్ 0.1% కలిసిన జెల్‌ను గాయం లోపలా అంచులకూ తగిలేలా పెట్టి, పైన గాజుగుడ్డతో 20–30 నిమిషాలు అదిమి పట్టాలి. పట్టుకునే తల్లికీ గ్లౌజులు ఇవ్వండి, లేకుంటే ఆమె వేళ్లే మొద్దుబారతాయి. అంచులు తెల్లబారితే పనిచేసినట్టే; చామనఛాయ చర్మంపై అది సరిగా కనపడదు, సూదిమొనతో తాకి చూడటమే నమ్మకం.

మిల్లీలీటరు జెల్‌లో 40 మిల్లీగ్రాముల లిగ్నోకెయిన్ ఉంటుంది కాబట్టి, కిలో బరువుకు 4 మిల్లీగ్రాముల లెక్కన పది కిలోల బిడ్డకు ఒక మిల్లీలీటరు దాటనివ్వట్లేదు. ముఖం, తలపై బాగా పట్టుతుంది, కాళ్లూ చేతులపై తక్కువ. నోటి లోపల, కంటి దగ్గర వద్దు.